మా ఇంటి తెలుపు

మా ఇంట్లో అందరం కాస్త తెల్లగా ఉంటాం. నారాయణఖేడ్ బజారులో మా కందుల దుకాణానికి వచ్చేవాళ్లు ఆ మాట అంటే అజ్జి పొంగిపోయేది. అజ్జి అంటే మా అమ్మను కన్న తల్లి. మన రంగు బయటికి పోవద్దని నన్ను తన చిన్న కొడుక్కే చేసుకుంది. కన్నడం మాట్లాడే మా ఇళ్లలో అక్క కూతుర్ని చేసుకోవడం మామూలే. అలా మేనమామ నాకు భర్త అయ్యాడు, అజ్జి అత్త అయింది. ఆమెను ఒక్కసారి అత్తా అని పిలిచి చూశాను. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నేను నెల తప్పాక దవాఖానలో రక్తం తక్కువగా ఉందన్నారు. నాకది కొత్తేమీ కాదు, బడికి పోయే రోజుల నుంచీ ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నాను. అజ్జి మాత్రం పంతం పట్టింది. పొద్దున ఖర్జూరాలు, మధ్యాహ్నం బీట్‌రూట్, సాయంత్రం పల్లీల ముద్దలు. తినలేక నాకు తిక్క పుట్టేది.

ఆ దవాఖానలో ఒక సిస్టర్ ఉండేది. మనూర్ వైపు మనిషి, నోరు కరుకు. ఓ రోజు నా పాత చీటీలన్నీ బల్ల మీద పరిచి చూసింది.

"చిన్నప్పటి సంది మింగుతున్నవ్, జరంతనన్న పెరిగిందా? గిది తిండితోని అయ్యేది కాదు. ఇంకో పరీక్ష చేపిద్దాం" అంది.

డాక్టరును ఒప్పించి నా రక్తం సంగారెడ్డికి పంపింది ఆమే. 

నాకు తలసీమియా ఉందని తేలింది. అది తల్లిదండ్రుల నుంచి రక్తంలో వచ్చే లోపం. నాకున్నది రోగం కాదు, రోగాన్ని మోసే లక్షణం మాత్రమే. ఒకప్పుడు మలేరియా ఊళ్లను తుడిచిపెట్టే చోట్ల రక్తంలో ఇలాంటి మార్పు ఉన్నవాళ్లు కొంత తట్టుకున్నారట. అందుకే ఒక్కో జనంలో ఒక్కో రకం నిలిచిందని డాక్టరు చెప్పాడు. మధ్యధరా తీరం వాళ్లలో, సింధీల్లో నా రకం ఎక్కువట. ఆదిలాబాద్ గోండుల్లో రక్తకణం కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ ఎక్కువట. ఆ జ్వరాలకు చావకుండా నిలబడిన మా ముత్తవ్వ ఎవరో గానీ, ఆమెకు దండం పెట్టాలనిపించింది.

కానీ సిస్టర్ అంతటితో వదల్లేదు. నా భర్త అయిన మామకూ పరీక్ష చేయాలంది.

మామ నవ్వాడు. "ఆమె రక్తమే గదా నాది. ఆ చీటీ మీదనే నా పేరు గూడ రాసుకోండ్రి."

"నవ్వుడు కాదు. ఇద్దరికి ఉంటే బిడ్డకు రెండు దిక్కులకెళ్లి రావొచ్చు. అట్ల పుట్టినోళ్లు కొన్ని నెలలు బాగనే ఉంటరు. ఎన్క పాలిపోతరు, కడుపు ఉబ్బుతది. జన్మంత రక్తం ఎక్కిస్తనే ఉండాలె" అంది సిస్టర్.

పక్క బెంచీ మీదున్న అజ్జి కొంగు తల మీదికి లాక్కుని బయటికి వెళ్లిపోయింది.

మామకూ అదే తేలింది. కడుపులోని బిడ్డకు పరీక్ష చేసే పెద్దాసుపత్రి హైదరాబాద్‌లో ఉంది. సిస్టరే ఫోన్లు చేసి తేదీ ఇప్పించింది, బస్సెక్కేదాకా పక్కనే నిలబడింది. ఫలితం వచ్చేదాకా మామ దుకాణం తెరుస్తూనే ఉన్నాడు, నేను పల్లీల ముద్దలు మింగుతూనే ఉన్నాను. చెడ్డ కబురొస్తే ఈ బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది ఇద్దరి మనసుల్లోనూ ఉంది. ఆ భయమంతా అజ్జి మీద చూపించాను. "నీ రంగు పిచ్చితోనే గిదంత" అని అరిచాను.  ఆ మాటకు నాకిప్పటికీ సిగ్గే.

కబురు చెప్పడానికి సిస్టర్ మా ఇంటికే వచ్చింది. బిడ్డకు ఒక వైపు నుంచే వచ్చింది. నాలాగే మోస్తుంది, నాలాగే బతుకుతుంది. అది విని మామ ఇంటి ముందరి దుకాణంలో, బేరానికి వచ్చినవాళ్ల ముందే ఏడ్చేశాడు. ఇప్పుడా బిడ్డ రెండో తరగతి. ఇంట్లో ఎవరి మాటా వినదు.

ఆ రోజు సిస్టర్ లేచి వెళ్లబోతుంటే అజ్జి చెయ్యి చాపింది.

"నాకు గూడ సూది గుచ్చు."

"గీ వయసుల నీకెందుకవ్వా?"

"ఈ పిల్ల తల్లి పుట్టినంక ఇద్దరు మగపిల్లలు పుట్టిండ్రు నాకు. నువ్వు చెప్పినట్లనే, ముందుగాల బాగనే ఉండె. ఎన్క పాలిపోయిండ్రు, కడుపులు ఉబ్బినయ్. నా పాలల్ల విషమున్నదన్నది మా అత్త. గీ చిన్నోడు పుట్టంగనే గుంజుకపోయి బర్రెపాలు పట్టింది."

మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆ పిల్లలు జ్వరమొచ్చి పోయారనే అమ్మ చెప్పేది.

వారం తిరిగాక అజ్జి ఫలితం కూడా సిస్టరే తెచ్చింది. అజ్జికీ మా అందరిలాగే ఉంది. చనిపోయిన తాతకూ ఉండి ఉంటుందని, అందుకే ఆ పిల్లలు అలా పోయి ఉంటారని చెప్పింది. తర్వాత అజ్జి చేతులు రెండూ పట్టుకుంది.

"నీ పాలు మంచియేనవ్వా. పాలకు దీనికి ఏం సంబంధం లేదు."

 అజ్జి మామ వైపు తిరిగింది.

"నీకు నా పాలే తాపాల్సుండె, కొడుకా" అంది.