పోపు వేస్తే మోగే గంట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని కాసేపు పక్కన పెట్టండి. మధ్యలో లేస్తే నాకు మళ్ళీ చెప్పబుద్ధి కాదు.

నేను సౌదీలో భవనాలకు ఫైర్ అలారాలు బిగించే పని చేస్తాను. ఒకసారి బురైదాలో నర్సుల హాస్టల్ పని పడింది. వైర్లు లాగాం, సీలింగుకు డిటెక్టర్లు బిగించాం. ఒక్కొక్కటీ పరీక్షించి అప్పగించడమే మిగిలింది. ఈలోగా నర్సులు గదుల్లో చేరిపోయారు కూడా.

వంటింటి డిటెక్టర్ మీద డబ్బాలోంచి పరీక్ష పొగ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. నిచ్చెనెక్కి చూద్దును కదా, దానికి స్నానంలో జుట్టు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి, రబ్బరు బ్యాండు వేసి ఉంది!

"ఎవలక్కా దీనికి టోపీ పెట్టింది?"

రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పెద్ద నర్సు గరిటె చేతపట్టుకునే ముందుకొచ్చింది.

"నేనే తమ్ముడూ. ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, బిల్డింగంతా గోల పెట్టేస్తంది. నైటీలతో రోడ్డు మీద నిలబడ్డాం. మీ గంటకి మా పప్పు గిట్టదా ఏంటి?"

"మంచిగనే ఉన్నదక్కా! రేపు నిజంగ అంటుకుంటే ఈ టోపీ వచ్చి ఆర్పుతదా?"

"అయితే పప్పు మానెయ్యమంటావా? డ్యూటీ దిగొచ్చి క్యాంటీన్ రొట్టె నమలాలంటే ఏడుపొస్తంది తమ్ముడూ."

ఇంతలో హాస్టల్ ముదీర్, అంటే అక్కడి పెద్ద అధికారి, వచ్చి ఆ టోపీ చూశాడు. "ఖలాస్! కిచెన్ బంద్!" అని తాళం వేయించాడు. మా ఇంజనీరు డ్రాయింగ్ విప్పి తల పట్టుకున్నాడు. ముందు ఆ గదిని సామాన్ల గది అనుకున్నారు, అందుకే పొగ డిటెక్టర్ రాశారు. తర్వాత అది వంటిల్లయింది కానీ డ్రాయింగ్ మారలేదు. వంటింట్లో ఉండాల్సింది వేడికి మోగేది.

"మార్చి చూపిస్తాం సార్," అన్నాడు ఇంజనీరు. "చూపించండి. పోపుకు మళ్ళీ మోగిందా, ఈ తాళం ఇక తియ్యను," అన్నాడు ముదీర్. నర్సులందరూ నా మొహం వైపు చూశారు. ఆ తాళం తీయించకుండా బురైదా వదలకూడదని అప్పుడే అనుకున్నాను.

రియాద్ నుంచి వేడి డిటెక్టర్ వచ్చింది. నేను బిగించాను, ఇంజనీరు అలారం ప్యానెల్లో సెట్టింగు మార్చాడు. ముదీర్ తాళం తీశాక, ఆయన ఎదుటే పెద్ద నర్సు నూనెలో మిరపకాయలు వేసింది. అందరికీ ఒకటే దగ్గు. డిటెక్టర్ మాత్రం కదల్లేదు. హమ్మయ్య అనుకునేలోపు గంట మోగింది!

మోగించింది వరండాలో ఉన్న పొగ డిటెక్టర్. చూస్తే వంటింటి తలుపు మూసుకోకుండా బియ్యం బస్తా అడ్డం పెట్టి ఉంది. పొగంతా అటే పోయింది.

"అక్కా, ఆ బస్తా తియ్యి! ఈ తలుపు మూసే ఉండాలె."

"మూస్తే లోపల మేం ఉడికిపోతాం! గోడకున్న ఆ ఫ్యాను తిరగడమే గానీ పొగ లాగదు."

ముదీర్ తాళం అందుకున్నాడు. "ముదీర్, ఏక్ బార్ ఔర్!" అని దండం పెట్టి నిచ్చెనతో బయటికి ఉరికాను. అనుకున్నంతా అయింది. దుమ్ము పడకుండా పెయింటర్లు ఫ్యాను మూతికి కట్టిన ప్లాస్టిక్ అలాగే ఉంది. పీకి పారేశాను. ఫ్యాను బుస్సుమని గాలి వదిలింది.

మళ్ళీ పోపు. ఈసారి పెద్ద నర్సు పంతంగా గుప్పెడు మిరపకాయలు వేసింది. "జర తక్కువేయక్కా!" అన్నాను. "ఊరుకో, ఇదీ తట్టుకోవాలి," అంది. తలుపు మూశాం, ఫ్యాను లాగింది. వరండా నిశ్శబ్దం. అప్పుడు నిజం వేడికి మోగుతుందని చూపడానికి వంటింటి డిటెక్టరుకు వేడిగాలి మిషను పట్టాను. భవనమంతా అదిరేలా మోగింది.

"తమామ్," అంటే అంతా బాగుందని, అన్నాడు ముదీర్ కళ్ళు తుడుచుకుంటూ. తాళంచెవి పెద్ద నర్సు చేతిలో పెట్టాడు. ఆమె అప్పటికప్పుడు బియ్యం కడిగింది. ఆ రోజు మా జట్టంతా అక్కడే తిన్నాం.

మీ ఇంట్లోనూ వేళకు అన్నం ఉడకాలి, పొయ్యిలో మంట పొయ్యి దాటకుండా ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.