గోడల పగుళ్ల ఫొటోలు

ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు సైరన్ మోగగానే, పైకప్పు ఎక్కడ మీద పడుతుందోనని మా వాడంతా బయటికొచ్చి వీధిలో నిలబడేది. గోడలు అదిరాక లోపలికెళ్లి కొత్త పగుళ్లకు ఫోన్లలో ఫొటోలు తీసేవాళ్లు. వాడలో లాప్‌టాప్ ఉన్నది నా ఒక్కడికే. మా దగ్గర నెట్ సరిగ్గా రాదు. అందుకే నేను అరుగు మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే, చుట్టూ చేరి నెట్టూ వైరూ లేకుండానే ఫోన్లలోంచి బ్లూటూత్‌లో పంపేవాళ్లు. ప్రతిసారీ లాప్‌టాప్ పంపే ఫోన్ పేరు చూపించి, తీసుకోవాలా అని అడిగేది.

"అన్నా, నాది జల్ది తీసుకో, పొయ్యి మీద కూర మాడుతది," అనేది పక్కింటామె.

"జర ఆగు చెల్లె, అందరియి ఒక్కపారే ఎట్ల వస్తయి?" అని కసురుకునేవాణ్ణి.

ఆ ఫొటోలన్నీ గని ఆఫీసులో చూపించాను. "చూస్తం" అన్నారు. చూసిందేమీ లేదు. విసిగిపోయి ఒక్కొక్కరే ఇల్లు గనికి అప్పగించి, పరిహారం తీసుకుని వెళ్లిపోయారు. ఖాళీ అయిన ఇంటిని వెంటనే జేసీబీతో కూల్చేవారు. పక్కింటామె ఇల్లూ అట్లాగే పోయింది.

నిన్న సైరన్ మోగితే వీధిలో ఒక్కణ్ణే నిలబడ్డాను. లోపలికెళ్లి చూస్తే దేవుడి పటాల వెనక గోడ నిలువునా చీలింది. ఫొటో తీసి, అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌కు పంపాను. అది నా ఫోన్ పేరే చూపించి, తీసుకోవాలా అని అడిగింది.

"ఈడ నేను గాక ఇంకెవడున్నడే!" అని తిట్టి, తీసుకున్నాను.