కొత్త బ్రేకులు

పందొమ్మిది వందల యాభైల్లో, పెళ్లయిన కొత్తలో, ఎవరో దొర అమ్మిపోయిన రెండు సీట్ల ఓపెన్ కారు మా ఆయన నడిపేవారు. నాకూ నేర్పమంటే, "బ్రేకులు పట్టవు, నీకెందుకే" అని తప్పించుకునేవారు.

ఓ వేసవిలో గుడివాడ మెకానిక్ చేత కుదుపులాపే స్ప్రింగు కమాన్లు గట్టిచేయించి, బ్రేకులూ టైర్లూ కొత్తవి వేయించారు. ఇక సాకు దొరక్క, బందరు నుంచి పెడన వెళ్లే రోడ్డు మీద స్టీరింగు నాకిచ్చారు.

"ఏవండీ, బ్రేకు పడుతుందంటారా?"

"గట్టిగా తొక్కి చూడు," అన్నారు గర్వంగా.

తొక్కాను. కారు ఠక్కున ఆగింది. ఆయన టోపీ మాత్రం ముందుకెగిరి రోడ్డు పక్క కాలవలో పడింది. పెడన చేరేలోగా మరో నాలుగుసార్లు తొక్కాను.

"చాలే తల్లీ, పడుతున్నాయి!" అన్నారు, రెండు చేతులా తలుపు పట్టుకుని.

"ఇంకొక్కసారండీ," అన్నాను.