లైటు పట్టుకునే డాక్టరు

పోయిన నెల చనిపోయిన మా అక్క పెట్టె సర్దుతుంటే మా పాత టార్చిలైటు దొరికింది.

ఆదివారం టీవీలో వచ్చే అంతరిక్ష నౌకల సీరియళ్ళు గుర్తున్నాయా మీకు? ఆపరేషన్ ఎప్పుడూ మగ డాక్టరే చేసేవాడు. లేడీ డాక్టరు పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నులకమంచం బోర్లించి, అదే నౌక అనుకుని మేమూ అదే ఆట ఆడేవాళ్ళం. కత్తి అంటే చీపురుపుల్ల.

"ఈపాలి నాను కోస్తానురా," అనేది అక్క.

"ఆడ డాక్టర్లు కొయ్యరు. నువ్వు లైటట్టుకో," అనేవాణ్ణి.

పోయిన నెల శ్రీకాకుళం ఆసుపత్రిలో అక్కకు ఆపరేషన్ చేసి, మర్నాడు చూడ్డానికి వచ్చిన డాక్టరమ్మనే, "పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాను.

మంచం మీద అక్క నీరసంగా నవ్వింది. "ఇంకా మమ్మల్ని లైటే అట్టుకోమంతావేట్రా?"

నాతో తను అన్న ఆఖరి మాట అదే. ఒక్కసారి ఆ చీపురుపుల్ల తన చేతికిచ్చి ఉంటే నా సొమ్మేం పోయేది?