మామ గొంతు పడిన క్యాసెట్

మా ఆయనకు క్యాసెట్ కంపెనీ పెట్టాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ, పుట్టినప్పటి నుంచి నా చాయ్ గిన్నెకు పొయ్యి దిగే తీరిక లేకుండా పోయింది. తొంభైల మొదట్లో హాలియా బజారులో మాకు ఒక గది దుకాణం ఉండేది. ముందువైపు మా ఆయన ఖాళీ క్యాసెట్లలో సినిమా పాటలు నింపి ఇచ్చేవాడు. వెనకవైపు రేడియోలు బాగుచేసే భాయ్ కూర్చునేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. పొలాల్లో ఆడవాళ్లు పాడే పాటలు సొంతంగా నింపాలి, డబ్బా మీద సొంత బొమ్మ వేయాలి.

మామకు ఇది బొత్తిగా గిట్టలేదు. కాలువ నీళ్లు పారే పొలం ఉండగా కొడుకు పాటలు అమ్ముకోవడమేమిటని ఆయన బాధ.

"గీ వానకాలం పంట కోతకొచ్చేలోపు నీ సొంత క్యాసెట్ బయటికి రాకుంటే, దుకాణం తాళం నా చేతుల వెట్టి నాగలి పట్టాలె" అన్నాడు.

మా ఆయన సరేనన్నాడు. తండ్రి ముందు ఆయన దేనికైనా సరేననేవాడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

పాడేది మా అమ్మ. నాట్లు వేసేటప్పుడు ముందు పాట అందుకునేది ఆమే, మిగతావాళ్లు వెంట అనేవాళ్లు. అమ్మనూ ఆమె జట్టునూ దుకాణానికి పిలిపించాం. భాయ్ గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, మైకు పెట్టాడు. అమ్మ నోరు తెరిచింది, మూసింది. చెమట తప్ప ఏమీ రాలేదు.

"చేతుల నారు లేంది నోట్లెకు పాట యాడికెళ్లి వస్తది బిడ్డా?" అంది నాతో.

భాయ్ సైకిలేసుకుని పోయి నారు కట్టలు తెచ్చాడు. అందరూ చీరలు ఎగ్గట్టి వంగి, చాప మీద నాటినట్టే చేతులు ఆడించారు. పాట ఉరికి వచ్చింది. అయితే నాటేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. రెండు చరణాలు అయ్యేసరికి జట్టు మొత్తం వెనక గోడకు తగిలింది. పాట ఆగింది.

"ఎందుకాపిండ్రమ్మా?" అన్నాడు భాయ్.

"ఒడ్డు వచ్చింది గదయ్యా."

ఒడ్డు తగిలితే పాట ఆపడం వాళ్లకు అలవాటు. మళ్లీ ముందుకు జరిగి మొదలుపెట్టారు. మళ్లీ గోడ వచ్చింది. ఆ లెక్కన క్యాసెట్ నిండాలంటే మా దుకాణాన్ని సాగర్ డ్యామ్ దాకా పొడిగించాలి.

చివరికి మామ పొలమే దిక్కయింది. నాటు పడుతుంది కదా అని ఆయనా ఒప్పుకున్నాడు. మా ఆయన టేప్ రికార్డరు మెడకు వేలాడదీసుకున్నాడు, భాయ్ మైకును కట్టెకు కట్టి పట్టుకున్నాడు. ఆడవాళ్లతో పాటు ఇద్దరూ బురదలో వెనక్కి నడిచారు. భాయ్ మడిలో కూలబడ్డాడు గానీ మైకును మాత్రం తడవనివ్వలేదు. నోరు మెదపొద్దని మామకు దండం పెట్టి మరీ చెప్పాం. ఆయన ఒడ్డు మీద గొడుగు పట్టుకుని పెదవులు బిగించి నిలబడ్డాడు. మొదటి పాట దాకా ఓర్చుకున్నాడు. రెండో పాట మధ్యలో వరసలో సందు కనిపించింది.

"సందులు వెడుతుండ్రు. దగ్గర దగ్గర పెట్టుండ్రి. పాట మీదున్న ధ్యాస పని మీద లేకపాయె."

మా ఆయన ముఖం మాడిపోయింది. అమ్మ తల ఎత్తలేదు, పాట ఆపలేదు. అదే రాగం మీద అందుకుంది:

"ఒడ్డు మీది ఇయ్యంకుడ, వంగి సూడరో
ఒక్క కట్ట నాటి సూపి నోరు తెర్వరో."

జట్టంతా రెట్టించిన గొంతుతో వెంట అన్నారు. వియ్యంకుణ్ణి ఆటపట్టించడం మా దగ్గర తప్పేమీ కాదు, నా పెళ్లిలోనూ అమ్మ ఆయనను వదల్లేదు. మామ గొడుగు ముడుచుకుని వెళ్లిపోయాడు.

పొద్దు గుంకేసరికి నాటు అయిపోయింది. మళ్లీ నింపుదామంటే నాటని మడి లేదు. తిట్లు కత్తిరిద్దామన్నాడు మా ఆయన. కత్తిరిస్తే పాట సగానికి తెగుతుందన్నాడు భాయ్. ఉన్నదున్నట్టే పోనీయండన్నాను నేను. ఆ తిట్టుకు ఆ జవాబు పడినందుకు నాకు లోపల పండగలా ఉంది.

కోతల ముందే క్యాసెట్ వచ్చింది. డబ్బా మీద బొమ్మలో నారు కొత్తిమీర కట్టలా ఉంది. మొదట ఎవరూ కొనలేదు. బస్టాండు హోటల్లో ఒకసారి వేశాక మాత్రం "తిట్ల క్యాసెట్ ఉందా?" అంటూ తిరుమలగిరి నుంచి, కేతేపల్లి నుంచి కూడా వచ్చారు. ఒడ్డు మీద నిలబడి అరిచే మనిషి ఏ ఊళ్లోనైనా ఉంటాడు. అతడికి ఎదురు చెప్పిన ఆడమనిషి గొంతు వాళ్లకు ఈ క్యాసెట్‌లోనే దొరికింది.

ఒకరోజు మామ అదే హోటల్లో చాయ్ తాగుతుండగా ఆ పాట వేశారట. అందరూ ఆయన వైపే చూసి నవ్వారట. అక్కడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు. ఆయన గడపలో అడుగు పెట్టక ముందే మా ఆయన తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టేశాడు. నాకు కోపం నెత్తికెక్కింది.

"మామా, మీరన్నట్టే కోతలకు ముందే వచ్చింది" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "జర గా పాట పెట్టు" అన్నాడు కొడుకుతో. కూర్చుని చివరిదాకా విన్నాడు. "మల్ల పెట్టు" అన్నాడు. మళ్లీ విన్నాడు.

"మా ఇయ్యపురాలు చెల్లె మంచిగ పాడింది. నా గొంతు గూడ మంచిగనే ఇనవడ్తాంది. మరి నా జవాబేది?"

"ఆనాడు నువ్వు జవాబియ్యలే గద బాపు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"ఆనాడు తట్టలే. ఇప్పుడు తట్టింది. నీ కంపెనీల నింపుతవా?"

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మామ కొడుకుతో చెయ్యి అనడమే విన్నాను, చేస్తావా అని అడగడం వినలేదు. మా ఆయన కూడా పుట్టి బుద్ధెరిగాక విని ఉండడు. మైకు తీగను తప్పు జాగాలో గుచ్చి, మళ్లీ పీకి, కళ్లు తుడుచుకుంటూ భాయ్‌ని పిలిచాడు.