పిసకని రొట్టె

నలభై ఏళ్లు బేకరీలో గోధుమపిండి పిసికిన తాతకు గోధుమే పడదని డాక్టరు తేల్చేశాడు. గోధుమ మానేశాక కడుపునొప్పీ బాత్రూంకి పరుగులూ తగ్గాయి గానీ, పొద్దున్నే వేడి రొట్టె తినని బతుకూ ఒక బతుకేనా అని తాత దిగులు. అందుకే గోధుమపిండి అంటని కొత్త గిన్నెలు విడిగా కొని, బియ్యప్పిండితో రొట్టె మొదలుపెట్టాడు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పొయ్యిలోంచి రాయే దిగింది.

"గోడలో ఇటుక ఊడింది, ఇది పెట్టేయండి," అంది నాయనమ్మ.

"నవ్వు, నవ్వు. ఇంకాస్త గట్టిగా పిసకాలి, అంతే."

"అది గోధుమపిండా, పిసికితే సాగడానికి? గుడ్డు, ఈస్టు వేసి జారుగా కలిపి వదిలేయండి. చేతులు కట్టుకుని కూర్చోండి."

చేతులు కట్టుకోవడం తాతకు చచ్చేంత పని. నాయనమ్మ ఆయన ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టి ఒలవమంది. ఈసారి రొట్టె పొంగింది. తాత ఒక ముక్క తిని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, పరీక్ష ఫలితాలకు ఎదురుచూసినట్టు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పొట్ట కిక్కురుమనలేదు.

"ఏమంటోంది?" అంది నాయనమ్మ.

"ఇంకో ముక్క అడుగుతోంది," అన్నాడు తాత, కత్తి అందుకుంటూ.