పసుప్పువ్వు పూసిందల్లా తుమ్మేనా?

కాగులో నీళ్లు ఎంత మరిగినా ఎర్రబడలేదు. మరిడమ్మకు ఒళ్లు మండింది.

భోగాపురం అవతల ఆ ఒడ్డు పల్లెలో, తుమ్మచెక్క కాచిన నీళ్లలో ముంచకుండా నూలు వలను ఎవరూ సముద్రంలో వెయ్యరు. వేస్తే ఉప్పుకి కుళ్లి పీలికలైపోతుంది. కిందటేడు జ్వరంతో గంగులు పోయాక, మొగుడి గుర్తని ఆమెకు మిగిలింది అతనల్లిన వల ఒక్కటే. మరిది అసిరయ్య దాన్ని వేటకు పట్టుకెళ్లి, పడ్డ చేపలో వల వాటా ఆమె గంపలో పోస్తాడు. ఆ వల పోతే గంపా లేదు, పొయ్యీ లేదు.

కర్రతో చెక్క పైకి తీసి చూసింది. ఉడికినా పచ్చగానే ఉంది.

"ఒరే అసిరిగా! ఏటి తెచ్చినావురా ఇది?"

"తుమ్మసెక్కే వొదినా. సరుగుడు తోట కాడిది. ముల్లు నేదా, పసుప్పువ్వు నేదా?"

"తంగేడుకీ ఉన్నాది పసుప్పువ్వు. దాన్నీ కాసీ!"

"ఊరంతా నైలాను వలలంతన్నారు. ఇంకా ఈ నూలుకి ఏటి సేవలు? ఏదోటి ముంచీ."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. పొయ్యిలో కర్రలు బయటికి లాగేసి తోట వైపు నడిచింది.

అసిరయ్య చెక్క కొట్టుకొచ్చిన మొక్క, ఎవరో ఆసామి తోటకు కంచెగా నాటింది. కంచె దాటి, దారి దాటి, ఇసుక దిబ్బలన్నీ మింగేసింది. తుమ్మ పువ్వయితే మెత్తని గుండులా ఉంటుంది, మాను నల్లగా పగిలి ఉంటుంది. దీని పువ్వు రేకులు విప్పుకుని ఉంది, ఒక రేకు మీద ఎర్ర మరక. కాండం చిలకపచ్చన. ఆకులు దారాల్లా వేలాడుతున్నాయి. వాడికి ఈ తేడా తెలీకనా? తుమ్మలున్న మెట్టపొలాల దాకా నడవడానికి బద్ధకం గానీ!

గంగుల్ని పూడ్చిన చోట కూడా ఒకటి మొలిచింది. వట్టి చేతుల్తోనే పీకింది. అరచేతులు చీరుకుపోయాయి.

ఆ మొక్కను తెచ్చి అసిరయ్య కాళ్ల ముందు పడేసింది.

"నీ అన్న సేతులు ఎప్పుడైనా సూసినావురా? తుమ్మనీల్లకి మోసేతుల దాకా ఎర్రగుండేవి. ఈ పసురునీల్లతోటి ఆ సేతుల కష్టం కుల్లబెడతావా?"

అసిరయ్య ఆమె అరచేతుల వంక చూశాడు. కత్తి చంకన పెట్టుకుని మెట్టపొలాల వైపు వెళ్లాడు.

పొద్దు వాలేసరికి కాగు మళ్లీ మరిగింది.

"ఎర్రబడ్డాది వొదినా," అన్నాడు మెల్లగా.

"నానేటి గుడ్డిదాన్నా? ముంచు."